ఎల్లక్క నారుమడి

ఏంది బిడ్డా, పచ్చటి మిరపచెట్టు పీకి పట్టుకొచ్చినవ్? ఇటియ్యి, సూస్త. కండ్లద్దాలేడ వోయినయ్… ఆ, నెత్తి మీదనే ఉన్నయి. అగో! ఏర్లకు గీ బుడిపెలేంది? ఏమంటివి? పల్లి ఏర్లకుంటయి, మంచివేనంటవా? మంచివి గాదు! గీ మాటే మా ఊరిని ముంచింది. కూసో, నిలబడి ఇనే ముచ్చట గాదిది. మా మేనత్త ఎల్లక్క ముచ్చట. నీకెట్ల తెలుస్తది, మీ నాయిన లాగులేసుకునే కాలంల పోయిందామె. దీంట్ల మీ తాత జగపతి పేరు గూడ వస్తది, ముందే చెప్తున్న, మొకం మాడ్సుకోకు.

దంతాలపల్లి దిక్కు మా ఊర్ల అప్పట్ల నారు కొనుడు లేదు, అమ్ముడు లేదు. ఎల్లక్కకు మొగడు లేడు, పిల్లల్లేరు. ఇంటెనుక ఇంత జాగ. దాంట్ల మిరప, వంకాయ, టమాట నారు పోసేది. వానలు పడంగనే ఊరంత తట్టలు పట్టుకొని ఆమె ఇంటికే. నారడిగితే లేదనొద్దు, గది మా దిక్కు రివాజు. లేదన్నోళ్ళ చేను చెల్క ఎండిపోతదని నమ్మెటోళ్ళు. ఆమె గూడ ఎన్నడు లేదనలే. ఎల్లక్క చెయ్యి మంచిదని, ఆమె పోసిన నారు రాయి మీద పెట్టినా బతుకుతదని మురిసేటోళ్ళు. ఆమెకున్న ఆస్తంత గా పేరే బిడ్డా, ఇంకేం లేదు.

అరవై తొమ్మిది తెలంగాణ లొల్లి అయిపోయిన కొన్నేండ్లకనుకుంట. ఒక యేడు నారు పీకితే ఏర్లకు గిట్లనే బుడిపెలు. రేడియోల ఎవలో చెప్పిండ్రట, పల్లి ఏర్ల బుడిపెలుంటే భూమికి బలమని. ఇగ మనోళ్ళు సంబురపడ్డరు! "ఎల్లక్కా, నాకు ముడులున్నయే ఇయ్యి, సాపుగున్నయి ఆళ్ళకియ్యి" అనుకుంట ఏరుకొని ఏరుకొని పట్టుకపోయిండ్రు. అగ్గువకు దొరికిన బంగారం అనుకున్నరు. నాటినంక ఏమైంది? నీళ్ళు పెట్టినా పగటేళకు చెట్లు వాడిపోవుడు, ఆకు పసుపువడుడు, జానెడు గూడ ఎదగకపోవుడు. మందు కొట్టిండ్రు, ఎరువేసిండ్రు, మైసమ్మకు కోడిని గోసిండ్రు. ఏర్లు మాత్రం ఒక్కడు పీకి సూడలే.

మల్లా యేడు నారు జానెడెత్తు లేసినంక, జనగామ దిక్కుకెల్లి వ్యవసాయపు సారొకాయన వచ్చిండు. కోస్తా మనిషి. లొల్లి తోని మా ఊరోళ్ళకు ఇంక కడుపుల మంట సల్లారలే, ఆయన మాటంటేనే ఎక్కిరింపు. పాపమాయన మా ఎల్లక్క మడిల ఒక మొక్క పీకి, "ఇది బలం కాదమ్మా, నులిపురుగండీ. కంటికి కనబడదు, మట్టిలో ఉండి వేరులో దూరుద్ది. ఈ నారు ఎక్కడికి పోతే అక్కడికి పోద్దండీ" అన్నడు. చావడి కాడ ఒకటే నవ్వులు. "నులిపురుగులు పోరగాండ్ల కడుపుల ఉంటయి గని చెట్ల కడుపుల ఉంటయా అండీ" అనుకుంట ఆయన తీరుగ మాట్లాడి నవ్వుడు. వాని యాస మీద కోపం ఉంటే ఉండనియ్యి, మాటల నిజమున్నదో లేదో సూడొద్దా? తెలివి గడ్డి మేసిందా?

ఎల్లక్క నవ్వలే. ఆయన పోయినంక మడి గట్టు మీద కూలవడ్డది. "ఊరి చెల్కలన్నీ నా చేతుల తోనే ఖరాబైనయిరా" అని ఏడ్సింది. ఆ పొద్దే నారంత పీకి కాలవెడ్త అన్నది. అప్పుడే మీ తాత జీతగాన్ని తట్టతోని పంపిండు. "ఈ యేడు లేదయ్యా, ఎవలకూ ఇయ్య" అన్నది. బతుకుల మొదటిపారి అన్నది గా మాట! మీ తాత ఉరికొచ్చిండు. "నా గడపకే లేదంటవానే? నారు దాసుకొని చెడుతవ్" అని, ఆమె అడ్డం నిలవడ్డా ఇనకుంట సగం మడి పీకిచ్చి పట్టుకపోయిండు. కాళ్ళు మొక్కింది బిడ్డా, తీస్కపోవద్దని కాళ్ళు మొక్కింది! ఏం జేసిండు? నాటిచ్చిండు. చెల్క పసుపువడ్డది. ఊరంత ఏం చెప్పిండు? "ముండమోపి ఏడ్సుకుంట పంపింది, ఆ ఉసురు తలిగింది" అని. ఎట్లొస్తదిరా మనిషికి గంత అబద్ధం!

మిగిలిన నారు ఏర్లతోసహా కాలవెట్టింది. ఎండకాలం మడి లోతుగ తవ్వి, తిరగేసి మరగేసి ఎండవెట్టింది. యాపచెక్క కలిపింది. బంతి ఏరు ఆ పురుగుకు పడదని సారు చెప్పిండని మడంత బంతి పెట్టింది. ఇగ ఆడోళ్ళ నోళ్ళు! "బొట్టు లేనిదానికి పూలతోటేంది, ఎవనికోసమమ్మా" అని. బతుకమ్మ పండుగకు మాత్రం గోడ దుంకి అవే పూలు తెంపుకపోయిండ్రు, సిగ్గులేనోళ్ళు. ఆమె మడిలకెల్లి బయటికొస్తే కాళ్ళు, పార కడుక్కొని గని బజాట్లకు రాకపోయేది, ఆ మన్ను ఎవల చెల్కకూ అంటొద్దని.

రెండేండ్లకు మల్లా నారు పోసింది. పీకి సూస్తే ఏరు తెల్లగ, దారం లెక్క సాపుగున్నది. ఆ పొద్దు ఆమె మొకం సూడాలె నువ్వు. తడిగోనెల కట్టలు సుట్టుకొని పొద్దుగాల్నే బొడ్రాయి కాడ కూసున్నది. వచ్చేటోళ్ళకు, పోయేటోళ్ళకు ఏరు పట్టి సూపిచ్చుడు. "సూడుండ్రవ్వా, ఒక్క బుడిపె లేదు. తీస్కపోండ్రి, పుణ్యముంటది" అని. ఒక్కడు చెయ్యి సాపలే. ఉసురు తలిగే నారంట! ఆమె చేతుల అన్నం తిని పెరిగినోళ్ళు గూడ మొకం తిప్పుకొని పోయిండ్రు. తీస్కునెటందుకు నేనున్న గని, నాకున్న చెల్కకు ఎంత పడ్తది? పొద్దు నెత్తి మీదికొచ్చింది, గోనె ఎండింది, నారు తలకాయ ఏలేసింది. ఆమె ఇంక ఆ ఏరు పట్టుకొనే ఉన్నది. "తెల్లగున్నదిరా, సూడుమను, ఒక్కనన్న సూడుమను" అని నా చెయ్యి గుంజుడు…

ఆ. ఏం లేదు. కండ్లల్ల దుమ్ము పడ్డది. లోపల చాయ్ అయిందో లేదో అడుగు పో.