బానెట్టు మీద నలుగురు

సూరప్పడని మహా మొండోడు, కొండ మీది ఊళ్లకి పాత జీపు తోలేవోడు. ఆ కొండెక్కే బండి అదొక్కటే అనుకో. శనివారం సంతకి పసుపు బస్తాలూ, కోళ్లూ, మనుషులూ అన్నీ అందులోనే. లోపల పదిమంది, వెనకాల వేలాడేవోళ్లు ఆరుగురు, బానెట్టు మీద నలుగురు. ముందు చక్రాల మీద బండి బరువు మోసే ఇనప కమాను పట్టీలు, ఇంత మందాన. గోతిలో పడితే పళ్లు కదిలిపోయేవంట. అయితే ఏమైందంటే, ఆడి మేనల్లుడు తాతబాబు, మెకానిక్కు, ఒకరోజొచ్చి, “మావా, ఇదేం బండి, రోకలి మీద కూర్చున్నట్టుంది. ఓ కారు తుక్కుకొచ్చింది. దాని ముందు భాగం, చుట్ట స్ప్రింగులతో సహా బిగించేస్తాను, పరుపు మీద పడుకున్నట్టు పోతావు” అన్నాడంట. ఈడు సరేనన్నాడు. కమాన్లు విప్పేశారు, వాటిని పట్టుకునుండే ఇనప చెవులు గ్యాసుతో కోసేశారు, కొత్తవి బిగించేశారు. ఖాళీ జీపు తారురోడ్డు మీద తోలి చూస్తే, ఆహా, కుదుపన్న మాటే లేదంట!

శనివారం వచ్చింది. ఎప్పట్లాగే జనం ఎక్కారు, బానెట్టు మీద నలుగురు. ముందు భాగం, ఎద్దు మోకాళ్ల మీద కూలబడ్డట్టు, కిందికి దిగిపోయింది. సూరప్పడు చూశాడు, పర్లేదులే అనుకున్నాడు. కొండ దిగుతుంటే మూడో మలుపు. ఒక పక్క బండ, ఒక పక్క లోయ. స్టీరింగు సగం తిరిగి ఆగిపోయింది. టైరెళ్లి మడ్‌గార్డుకి ఒరుసుకుపోయింది మరి. తిప్పుతాడు, తిరగదు. తిప్పుతాడు, తిరగదు. బ్రేకు తొక్కితే ముక్కు ఇంకా వంగింది. బానెట్టు మీదున్న, సంతలో పసుపమ్మే కాసులమ్మ, మొగుడు పోయి పదేళ్లయిన ముసలిది, లోయలోకి చూసి, “ఒరే సూరప్పడా, నన్ను సంతకి తీసుకెళ్తన్నావా, నా మొగుడి దగ్గరికి పంపుతన్నావా?” అందంట. అంచుకి జానెడు దూరంలో ఆగింది బండి. అందరూ దిగి బస్తాలు నెత్తికెత్తుకున్నారు. ఇంక కావిళ్లే నయం, నీ బండెక్కం అనేశారు. “వచ్చే శనివారం ఇదే మలుపు తిప్పకపోతే నేను సూరప్పణ్ణే కాదు” అన్నాడీడు.

తాతబాబేమో, బానెట్టు మీద జనం ఎక్కుతారని నాకేం తెలుసు మావా అని గొణిగాడు. “ఈ కొండ మీద పుట్టి ఆ మాటంటావేంట్రా!” అని సూరప్పడు ఆణ్ణి వెంటేసుకుని కమ్మరి బెన్నయ్య దగ్గరికెళ్లాడు. విప్పిన పాత కమాన్లు అక్కడే పడేశారంట. బెన్నయ్య కొలిమి ఊదుతా, “ఇంకేం కమాన్లు బావా, రెండు పట్టీలు అప్పుడే కత్తులైపోయాయి” అన్నాడు. సూరప్పడు అక్కడే చతికిలబడ్డాడు. “మిగతావి ఇయ్యి. ఆ రెంటికీ బదులు లారీ పట్టీ కొట్టి ఇయ్యి. ఇచ్చేదాకా కదల్ను.” కదల్లేదంట. మూడు రోజులు బెన్నయ్య కొట్టాడు. మరో రెండ్రోజులు తాతబాబు, కోసిన చెవులకి బదులు కొత్తవి అతికి, ఆ కారు ముక్క తీసేసి కమాన్లు బిగించాడు. అన్నీ అయ్యాక సూరప్పడు ఖాళీ బండి తోలలేదు. బానెట్టు మీద నాలుగు పసుపు బస్తాలు కట్టి, శనివారం పొద్దున్నే ఒక్కడే ఆ మలుపు ఏడుసార్లు దిగాడు, ఏడుసార్లు ఎక్కాడు. అది చూశాకే కాసులమ్మ కావిడి దించింది.

ఇప్పటికీ ఆ జీపెక్కితే ఒళ్లు హూనమే అనుకో. మొన్న నేనూ ఎక్కాను, రెండ్రోజులు బోర్లా పడుకున్నాను. అయితేనేం, ఇంటికొచ్చే పడుకున్నాను గదా!