గోవిందప్ప గారు మడిచిన దరఖాస్తు

1999 జూన్ 14వ తేదీన, మాదాపూర్ బండల నడుమ తొలి అద్దాల భవనాలు లేస్తున్న రోజుల్లో, శ్రీ గోవిందప్ప గారు మా సంస్థ నియామక విభాగంలో సహాయ అధికారిగా చేరారు. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన వారు క్రమంగా ఆ విభాగానికే అధిపతియై, ఈ మే 31న పదవీ విరమణ చేస్తున్నారు.

ఏయే విశ్వవిద్యాలయాల విద్యార్థులను ఇంటర్వ్యూలకు పిలవాలో తెలిపే జాబితాను 2003లో రూపొందించినది వారే. సంస్థ వేగంగా విస్తరించిన కాలంలో అది ఎంతో శ్రమను తగ్గించింది. అందులో లేని చోట చదివినవారి దరఖాస్తులు మాత్రం ఎవరూ చదవకుండానే పక్కకు వెళ్లేవి.

2011 అక్టోబరులో తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెతో బస్సులు, రైళ్లు నిలిచిపోయి, పిలిచిన ముప్పైమందిలో నలుగురే వచ్చారు. గేటు దగ్గర దరఖాస్తుతో నిలబడి ఉన్న నన్ను కూడా గోవిందప్ప గారు లోపలికి పిలిపించారు. లింగంపల్లిలోని మేనత్త ఇంటి నుంచి నడిచి వచ్చాను. అప్పటికి ఆరు సంస్థలు కాదన్నాయి. ఇదీ కాకపోతే ఊరికి తిరిగి వస్తానని ఇంట్లో మాట ఇచ్చి ఉన్నాను.

పరీక్ష రాశాక, మా ప్రాజెక్టు మేనేజరు ప్రవీణ్ గారు నా దరఖాస్తు చూసి నవ్వారు. "ఈ యూనివర్సిటీ ఎక్కడుంది సార్? మ్యాపులో అయినా ఉందంటారా?"

గోవిందప్ప గారు విశ్వవిద్యాలయం పేరున్న పైభాగాన్ని వెనక్కి మడిచారు. "పేరు యాడికీ పోదులే. ముందు పాప రాసిన ప్రోగ్రాం చూడప్పా."

ప్రవీణ్ గారు ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివారు. "బాగా రాసింది సార్" అన్నారు.

"మీ సార్లు ఇంత బాగా చెప్తారే, మరి మీ యూనివర్సిటీ పేరు నేనెప్పుడూ వినలేదేం పాపా?" అని అడిగారు గోవిందప్ప గారు.

"మా సార్లు క్లాసులు చెప్తరు, లైబ్రరీకి పుస్తకాలు తెస్తరు. కూకట్‌పల్లిల అడ్మిషన్ల బోర్డులు పెట్టరు సార్. చదివినోళ్లు జిల్లాల్లనే టీచర్లు గిట్ల అయితరు. మావోళ్లు ఒక్కరన్నా ఈ ఆఫీసుల ఉంటే మీరు వినేటోళ్లు."

వారు ప్రవీణ్ గారి వైపు తిరిగారు. "జాబితా రాసేటప్పుడు, ఈడ పనిచేసేవాళ్లను మీరెక్కడ చదివినారని అడిగి రాసినా. ఈడ లేనోళ్లను ఎట్ల అడుగుతాను? తప్పు నాదే ప్రవీణూ" అన్నారు.

నీది ఏ ఊరని అడిగాకే మాట కలుపుతున్న ఆ రోజుల్లో, పైభాగం మడవని దరఖాస్తు ఇంటర్వ్యూ గదిలోకి రాకూడదని వారు నియమం పెట్టారు. నాకు ఉద్యోగం వచ్చింది, జాబితా రద్దయింది. నేడు మా విశ్వవిద్యాలయం వారే పంతొమ్మిది మంది ఇక్కడ ఉన్నారు.

ఈ వ్యాసం కోసం, వారు ఎక్కడ చదివారో రాసిమ్మని కాగితం ఇచ్చాను. రాశారు, ఆపై పైభాగం మడిచి చేతికిచ్చి, "ఇంటికి పోయినాక చూడమ్మా" అన్నారు. నేను ఇంకా విప్పలేదు.

వచ్చే వారం నుంచి దరఖాస్తులు మడిచే బాధ్యత నాకు అప్పగించారు. శ్రీమతి నాగమణి గారితో కలిసి మణికొండ ఇంట్లో వారు నిండు ఆరోగ్యంతో నూరేళ్లు చల్లగా ఉండాలని, అప్పుడప్పుడు ఇటు వచ్చి నా మడత సరిగా పడుతోందో లేదో చూసి వెళ్లాలని మనసారా కోరుకుంటున్నాను.