నేను తోల, నువ్వు తోలకు

రేపు పొద్దుగాల నన్ను లేపకు. లేపినా లేవ. చాయ పెట్టి, "అరుణా, బస్సుకు యాళ్లయితుంది" అని తలాపున నిలవడ్డా సరే, దుప్పటి మీదికి గుంజుకొని పంట. నాతోని గాదు. ఇగ నేను ఆ కారు నేర్సుకునుడికి పోను. అయిపోయింది.

ఏంది గట్ల సూస్తవ్? చెప్పులు గూడ ఇడువకుంట మాట్లాడుతున్ననని సూస్తున్నవా? ఇడుస్త తియ్. జర ఊపిరి తీసుకోనియ్యి. సూడు, గీ కుడికాలు ఇంక నేలను తొక్కుతనే ఉన్నది. ఎప్పటిదో పగటీలి ముచ్చట, ఇప్పుడు పొద్దుగూకుతుంది, అయినా ఆగుతలేదు.

అత్త ఏడ? పక్కింట్లనా? మంచిగైంది. ఆమె రాకముందే చెప్పనియ్యి.

నువ్వేమన్నవ్? "రెండు వారాలల్ల వస్తది, ఏమున్నది దాంట్ల" అన్నవ్. నీకేమయ్యా! పదకొండేండ్లు మస్కట్ల బండి తోలినోడివి. నా చేతులకు ఏం తెలుసు? తునికాకు తెలుసు, కత్తెర తెలుసు, దారం తెలుసు. చేట ఒళ్లె పెట్టుకొని ఉన్న జాగల కూసుండి బీడీలు చుట్టే మనిషిని తీస్కపోయి, కదిలేదాంట్ల కూసోవెడ్తె ఎట్లుంటది?

ఎల్లారెడ్డిల నేర్సుకుంటె మంది సూసి నవ్వుతరని కామారెడ్డికి పోయిన. అది నా మాటనే, కాదంటలేను. అక్కడ ఎవలూ ఎరికలేనోళ్లు, పడ్డా లేసినా ఫికర్ లేదనుకున్న. ఎరికలేనోళ్లు ఇంక ఎక్కువ నవ్వుతరని పోయినంక తెలిసింది.

లక్ష్మీరాజం సార్ మంచోడే, నేర్పుడుల ఆయన తప్పు లేదు. "గాబరా పడకమ్మా. పాలు పొంగుతుంటె మంట ఎట్ల తగ్గిస్తవ్, గట్లనే క్లచ్ మీదికెళ్లి మెల్లగ కాలు తియ్యి" అంటడు. ఇంట్ల మంట తగ్గిస్తె పాలు దిగుతయి. ఈడ కాలు తీస్తె బండి ఒక్క కుదుపు కుదిపి సచ్చిపోతది.

బస్టాండ్ ముంగట ఎన్నిసార్లు సచ్చిపోయిందో! ఎనుక లారీ. వాడు హారన్ మీద చెయ్యి తీయడు. చెవులల్ల గుయ్యిమంటది. తాళంచెవి ఎటు తిప్పుతున్ననో నాకే తెల్వది. మోటర్‌సైకిల్ మీద ఒకడు అద్దం కాడికి వంగి, "ఇంట్ల వంట చేసుకోరాదా అక్కా" అన్నడు. అక్కా అని పిలిసి మరీ అన్నడు!

గీయన్నీ నీకు చెప్పిన్నా? చెప్పలే. నువ్వు అడిగినవా? అడుగలే. నేను ఇంటికొచ్చేసరికి గీ అరుగు మీదనే కూసుంటవ్, గా టర్పాల్ కప్పిన కారు దిక్కు సూసుకుంట. "వచ్చిందా?" అంటవ్. వచ్చిందా అంటె నేను ఇంటికొచ్చిన్నా అనా, నాకు తోలుడు వచ్చిందా అనా? రెండోదే. నాకెరికె.

సరే. ఇయ్యాల్టిది ఇను.

సార్ ఇయ్యాల ఊరు దాటిచ్చిండు. రోడ్డు ఖాళీగున్నది, ఇగ మూడో గేరుల పోవాలె అన్నడు. పోయిన. ఒక్క నిమిషం, నిజం చెప్తున్న, మంచిగనే అనిపిచ్చింది. అద్దంలకెళ్లి గాలొస్తుంది. నేను తోలుతున్న, నేనే! అత్తను ఎన్క కూసోవెట్టుకొని కండ్ల దవాఖానకు పోయినట్టు గూడ అనుకున్న.

యాసంగి కోతలు గదా. రోడ్డుకు ఒక దిక్కు పొడుగుకు వడ్లు ఆరవోసిండ్రు. ఒక ముసలాయన నెత్తికి తువ్వాల సుట్టుకొని, కాళ్లతోని వడ్లు తిరగేసుకుంట నడుస్తున్నడు. వీపు మా దిక్కున్నది. ఇటు చివరిదాంక వచ్చి, మల్లొక సాలు వట్టుడికి రోడ్డు మీదికి జరిగిండు.

సార్ హారన్ కొట్టమన్నడు. కొట్టిన. ఆయనకు ఇనవడలే. "బ్రేకమ్మా, బ్రేకు!" అన్నడు సార్. తొక్కిన. ఉన్న బలమంతా పెట్టి తొక్కిన.

కారు ఎగిరి ముంగటికి ఉరికింది. నేను తొక్కింది బ్రేకు గాదు.

సార్ కాళ్ల కాడ గూడ ఒక బ్రేకుంటది. ఆయన దాని మీద నిలవడ్డంత పని చేసిండు. నా రొమ్ము పోయి స్టీరింగుకు గుద్దుకున్నది. ఆగింది. కండ్లు తెరిసి సూస్తె బండికీ ఆ ముసలాయనకూ నడుమ చేట పెట్టేంత జాగ లేదు.

ఆయన తిట్టలేదయ్యా. తిడితె అయిపోవు. నోరు తెరుసుకొని నన్ను సూసిండు. తువ్వాల జారి కిందవడ్డది. నడుములు ఇరిగినట్టు ఆ వడ్ల మీదనే కూలవడ్డడు. కోడలు గావొచ్చు, ఒకామె చెట్టు కిందికెళ్లి ఉరికొచ్చి, ఆయన మొఖం చేతులల్ల పట్టుకొని "మామా, మామా" అని ఒర్లుతుంది. ఆయన మాత్రం నన్నే సూస్తుండు.

సార్ దిగి వాళ్లతోని కొట్లాట. "రోడ్డు మీద వడ్లెందుకు పోసిండ్రు, పానాలు పోతె ఎవలది బాధ్యత" అని. వాళ్లు మమ్ముల, సార్ వాళ్లను. నేను దిగిన. తాళంచెవి తీసి బానెట్ మీద పెట్టిన. బస్సు అటుకెళ్లే వస్తుంటె చెయ్యెత్తిన. సార్ పిలుస్తనే ఉన్నడు. ఎనుకకు తిరిగి సూడలే.

బస్సుల సంచి అంత ఎతికినా ఆధార్ కార్డు దొరకలే. కండక్టరమ్మ సూసి, "ఉండనియ్యి అక్కా, పోయినసారి సూసిన గదా" అని పైసల్లేని ఆడోళ్ల టికెట్ చింపి చేతుల పెట్టింది. అద్దానికి నెత్తి ఆనిచ్చిన. లింగంపేట దాటినంక గని ఏడుపు రాలే.

ఎల్లారెడ్డిల దిగి శేఖరన్న ఆటో ఎక్కిన. ఇంకెవలూ లేరు, నేనొక్కదాన్నే. "ఏమైంది చెల్లె?" అన్నడు. ఇగ సూడు, కడుపుల ఉన్నదంతా ఆయన మీద కక్కిన. "నీ దోస్తు నన్ను సంపుతడే అన్నా! తోలుడొచ్చినోడు అరుగు మీద కూసుంటడు, రానిదాన్ని రోడ్డు మీదికి తోలుతడు. కారు కొనిపిచ్చిండు, ఒక్కనాడు దాంట్ల కూసుండలే. కాలు నొస్తుందంటడు. కాలు నొచ్చేటోడు చేను దాంక నడిసెట్ల పోతడు?" అని.

శేఖరన్న ఆటో పక్కకు ఆపిండు. అటెన్క చెప్పిండు.

లేవకు. కూసో. యాడికి పోతవ్? కూసో అంటున్న. ఆయన మీద కోపం చేయకు, నేనే పట్టువట్టి అడిగిన.

ఆనాడు మస్కట్ల నీ బండిల ఎనుక సీట్ల శేఖరన్న గూడ ఉన్నడట గదా. తెల్లారగట్ల పనికి తీస్కపోతున్నవట మందిని. బంగ్లాదేశ్ మనిషి ఒకాయన, రోడ్డు ఊడిసెటోడట. గాలికి ఏదో కాయిదం కొట్కపోతుంటె దాని ఎంట రోడ్డు మీదికి ఉరికిండట. బ్రేకు తొక్కినవట. సక్కగనే తొక్కినవట, నా లెక్క గాదు. అయినా ఆగలేదట.

పోలీసోళ్లు లోపలేసిండ్రట. కోర్టుల నీ తప్పు లేదన్నరట. కంపెనీ టికెట్ కొని ఇంటికి తోలిందట.

గదంతా అయ్యి, నువ్వు దసర ముంగట బ్యాగు వట్టుకొని గీ వాకిట్ల దిగి, "సెలవు దొరికింది" అన్నవ్. సెలవు!

నేనేమనుకున్ననో ఎరికేనా? అక్కడ ఇంకొకామె ఉన్నదనుకున్న. మాట్లాడవు, నవ్వవు, పక్కల ఉన్నా గోడ దిక్కు తిరుగుతవ్. అటెన్క ఏదో రోగం పట్టుకొచ్చి దాసిపెడుతున్నవనుకున్న. నీ బ్యాగు గూడ ఎతికిన, గోలీలున్నయేమో అని. అత్త అయితె ఎవలో చేతబడి చేసిండ్రని బీర్కూర్ దాంక పోయి తాయెత్తు కట్టిచ్చుకొచ్చింది. ఏం చేసుడు లేదు, మన్ను లేదు. ఒక మనిషి సచ్చిపోయిండు. గా ముచ్చట పెండ్లానికి చెప్పలేకపోయినవ్.

ఆ కారు నువ్వు గదంతా గాకముందే మా తమ్మునితోని కొనిపిచ్చినవ్. "నేనొచ్చినంక నిజాంసాగర్ పోదాం, కట్ట మీద కూసుండి చేపలు తిందాం" అన్నవ్ ఫోన్ల. వచ్చినంక దాని మీద టర్పాల్ కప్పినవ్. పోనీ అమ్మినవా? అమ్మలే. "మస్కట్ డ్రైవర్ ఇంటి ముంగట కారు, తోలేటోడు లేడు" అని గల్లీల మంది అంటుంటె ఇనుకుంట తల కిందికేసుకొని పోయినవ్. అటెన్క నన్ను దొరకవట్టినవ్. "నువ్వు నేర్సుకో, అవ్వకు ఏమన్నయితె పనికొస్తది."

ఒక్కటి అడుగుత, తప్పువట్టకు. గా బండి నీ చేతులకెళ్లి పోవాలెనని, నా చేతుల పెట్టినవా? నాకైతె గట్ల గాదనుకున్నవా?

...ఊ. తెల్వదంటవా? తెల్వకనే చేసి ఉంటవ్. కావాలని చేసే మనిషివి గాదు నువ్వు.

ఇగో, నేను తోల. నువ్వు తోలకు. ఆ కారు ఈ ఆదివారం అమ్మేద్దాం. మా తమ్మునికే చెప్త, వాడే కొనిపిచ్చిండు, వాడే అమ్మిపిస్తడు. మనకు బస్సున్నది. శేఖరన్న ఆటో ఉన్నది. నడిసెడిదానికి కాళ్లున్నయి.

అత్తకు ఏమన్నయితె అంటవ్. అయితది. నూటెనిమిదికి ఫోన్ చేస్తం. వస్తె వస్తది. రాకపోతె... రాకపోతది. అప్పుడు మంది నా మొఖం మీదనే అంటరు, "కారు అమ్ముకొని అత్తను సంపుకున్నది" అని. గా మాట గూడ బస్సుల అనుకునే వచ్చిన. అది వడుత. ఇది పడలేను.

ఇంకొకటున్నది. శేఖరన్నకు చెప్పలే. సార్‌కు చెప్పలే. నీకే చెప్తున్న.

బండి ఆగినంక, ఆ ముసలాయన కింద కూలవడ్డంక, నేను ముందుగాల ఆయన దిక్కు సూడలే. అటూ ఇటూ రోడ్డు సూసిన. ఎవలన్న సూసిండ్రా అని సూసిన. రోడ్డు మీద వడ్లు పోసుడు వాళ్లదే తప్పు, నాది గాదు అనుకున్న. గంత తొందరగ! తప్పు ఎవలిదో అప్పటికే తేల్చేసిన. అటెన్క, అటెన్క సూసిన, మనిషి బతికున్నడా అని.

పగటీలి సంది గదే యాదికొస్తుంది. బండి తోలుడంటె భయం శానమందికి ఉంటది, నేర్సుకుంటె పోతదట. గీ భయం గట్ల పోయేటిది గాదు. ఆ సీట్ల కూసున్నంక నేను ఎవలినో నాకే తెల్వకుంటయితుంది.

నీగ్గూడ గట్లనే అయ్యిందా?

చెప్పకు. నువ్వు తల ఊపుడు సూసిన, సాలు.

పేరేంది ఆయనది? నీకు ఎరికె ఉంటది. కోర్టుల సదివి ఉంటరు గదా.

ఏందీ? జర గట్టిగ చెప్పు, ఇనవడలే.

అన్వర్. ...అన్వర్ హుస్సేన్.

ఇంట్ల ఎవలున్నరట? ...ఒక బిడ్డనా. ఎంతది? ...అయ్యో. అయ్యో, అయ్యా.

ఇన్ని నెలలు గీ పేరు నోట్ల పెట్టుకొని బువ్వెట్ల తిన్నవయ్యా!

రా, ఇటు జరుగు. ఏడువు, ఎవలు సూస్తరు? సూడనీ. ...ఆఁ. గట్ల.

అగ్గో, అత్త చెప్పుల సప్పుడు. మొఖం తుడుసుకో. ఇగ కారు అమ్ముతున్నమంటె ఇల్లు లేవదీస్తది. కొడుకు సంపాయించింది పాడుచేసిన దాన్నని నన్నే అంటది, నువ్వు నడుమకు రాకు.

తిట్టనీ. ఇంట్ల దసర సంది మనిషి సప్పుడే లేకపాయె.