సారును లోపలేసినాం

పుల్లలచెరువు మండలంలో ఒక మారుమూల ఊరి పంచాయతీ ఆఫీసు. గ్రిల్ తలుపుకు బయట తాళం. లోపల మంచినీళ్ళ శాఖ ఇంజనీరు సుందరరాజు, తన విలువెంతో ఈ పూటతో తేలిపోతుందన్న దిగులుతో ఉన్నాడు. బయట ముక్కాలిపీట మీద ఆయనకు కాపలాగా కూలి పనులకు పోయే ప్రేమకుమారి.

"ఏమంటాడు సార్ మీ పెద్దసారు? వస్తన్నాడా?"

"రాడంటమ్మా."

"నిన్ను లోపలేసినామని చెప్పినావా?"

"చెప్పినా. రెండుసార్లు చెప్పినా. ‘అట్లనా, అయితే ఈ రోజు సెలవు కింద రాసుకో’ అన్నాడు."

"సెలవా? సెలవేంది సార్?"

"నేను లోపలున్నా బయటున్నా వాళ్ళకొకటేనమ్మా."

"అయ్యో ప్రభువా! పోయినేడు పక్కూరోళ్ళు తాసీల్దారును లోపలేస్తే పొద్దు గుంకకముందే ట్యాంకర్లొచ్చినాయి."

"మరి తాసీల్దారునే పట్టుకోవాల్సింది. పట్టుకునేటప్పుడన్నా మంచి సరుకు చూసి పట్టుకోవద్దా?"

"మాకేం తెల్సు? జీపులో వచ్చినావు, నల్లద్దాలు పెట్టుకున్నావు. పెద్దోడివనుకున్నాం."

"జీపు బాడుగది. అద్దాలు కంటాపరేషను చేసినప్పుడు ఇచ్చినయ్యి."

"ఇంతకీ మా ఊరికెందుకొచ్చినట్టు?"

"కుళాయి నీళ్ళు మంచియ్యో కాదో పరీక్ష చేసి రమ్మన్నారు."

"కుళాయిలో నీళ్ళే రావు గదా సార్!"

"ఆ రాని నీళ్ళను పరీక్ష చేసేదానికే నాకు జీతమిస్తన్నారమ్మా."

"నన్ను నవ్వియ్యొద్దు. కాపలా ఉన్నదాన్ని. నేను పళ్ళికిలిస్తే ఊరోళ్ళు ఊరుకోరు. ఇదిగో, జొన్నరొట్టె తిను. శెనక్కాయల పొడి ఉంది."

"నీళ్ళు?"

"సగం గ్లాసే. కొన్న నీళ్ళు సార్, ఏమనుకోవద్దు."

"సగం చాల్లే. ఊరికి చుక్క ఇయ్యలేనోడికి అదే ఎక్కువ... తాళం గట్టిదే. ఎక్కడిదమ్మా?"

"బోరు కాడ మోటారు షెడ్డుది. కాలిపోయిందని ఉగాదికి మోటారు పీక్కపోతిరి, మళ్ళా తెస్తిరా? ఉత్త షెడ్డుకు తాళమెందుకని మా పంపు గంగయ్యనడిగి తెచ్చినా."

"గంగయ్య తాళం చెవి గూడా ఇచ్చినాడా?"

"ఇయ్యకపోతే మళ్ళా ఎట్ల తీస్తా? కొంగున ముడేసుకున్నా, చూడు. ఏంది సార్, అట్ల చూస్తావు?"

"ఏం లేదు. పొడిలో కారం ఎక్కువైంది."

"ఫోను మోగతంది. చూడు, చూడు, కలెక్టరేమో!"

"హలో... ఎస్సై గారా? ఆ, సుందరరాజునే సార్. ఆ, తిన్నా. రొట్టె. లేదు సార్, కొట్టలేదు. తిట్టినారు, అది రోజూ ఉండేదే... అట్లనే సార్. అట్లనే."

"ఏమన్నాడు?"

"స్టేషనంతా మార్కాపురంలో మంత్రిగారి సభకు పోయిందంట. ‘తిండి పెడతన్నారు గదా, సాయంత్రం దాకా అడ్జస్ట్ అవ్వు’ అన్నాడు."

"ఛీ, ఏం బతుకు సార్ నీది!"

"నువ్వన్నా గుర్తించినావు."

"ప్రేమక్కా! బందీ ఎక్కడ? బందీ ఎక్కడక్కా?"

"ఇదిగో ఇమ్తియాజూ, రొట్టె తింటన్నాడు. సార్, ఈ పిల్లోడికి మార్కాపురంలో సెల్లుల దుకాణం. టీవీకి వార్తలు గూడా పంపిస్తాడు."

"నమస్తే సార్. ముందు ఆ రొట్టె దాచిపెట్టండి. బందీ అన్నోడు రొట్టె నములుతా కనపడితే హైదరాబాదులో మా డెస్కోళ్ళు వార్త తీసుకోరు. మొకం కొంచెం దిగులుగా పెట్టండి."

"ఇంతకన్నా దిగులు మొకం నా కాడ లేదు నాయనా. పెళ్ళి ఫొటోలో గూడా ఇదే."

"సరే, అట్లనే ఉండండి... హలో, డెస్కా అన్నా? ఇమ్తియాజ్‌ను. బందీ ఒక్కడేనన్నా. కాదు, కలెక్టర్ కాదు. ఇంజనీరు. చిన్న ఇంజనీరు... రక్తమా? లేదన్నా. ఆయుధాలా? అక్క చేతిలో చాట ఉంది... అన్నా, అన్నా, పెట్టేయొద్దన్నా!"

"ఏమన్నారు?"

"మీరు సరిపోరంట సార్."

"ఆ సంగతి మా ఇంట్లోవాళ్ళు ఎప్పుడో చెప్పినారు."

"ఒకటే దారి. ‘ప్రాణభయం ఉంది’ అని ఒక్క మాటనండి. ఒక్క మాట."

"ఈ పొడి ఇంకో ముద్ద తింటే నిజంగానే ఉంది. సరే, తీసుకో: నాకు ప్రాణభయం ఉంది. ఈ ఊరికి మోటారు పంపించండి. చాలా?"

"బ్రహ్మాండం సార్! పంపించేసినా."

"చూడు చూడు, వచ్చిందా?"

"ఉండక్కా, సిగ్నలు... వచ్చింది! ‘పుల్లలచెరువులో ఇంజనీరు కిడ్నాప్’. ఎర్రక్షరాలు!"

"మరి ఆ ఫొటో ఎవరిదబ్బా? దండేసుకొని ఉన్నాడు."

"మీ పేరుతో నెట్లో వెతికి పెట్టినట్టున్నారు సార్. ఈయనెవరో రిటైరైనాయన."

"అంతేలే. నన్ను బంధించినా మొకం ఇంకొకడిదే... హలో, ఏమే? లేదే, నాకేం కాలేదు. ఆ దండేసుకున్నాయన నేను కాదు. నేనే, మాట్లాడేది నేనే! ఏడవబాక. ఆ, వచ్చేటప్పుడు కొత్తిమీర తెస్తాలే."

"సార్... ఇంకోటి వచ్చింది కింద."

"ఏంది?"

"‘పెట్రోలు సీసాలతో గ్రామస్తులు’ అని. అల్లా తోడు అక్కా, నేను పెట్రోలనలేదు. చాట అన్నా. డెస్కోళ్ళే..."

"పెట్రోలా? మా ఊళ్ళో మంచినీళ్ళకే సీసాలు లేవే!"

"ఆగండి, మళ్ళా ఫోను. హలో... సార్, పెద్దసార్! లేదు సార్, సెలవు రాసుకోలేదు. మోటారా? నిజంగానా? గోడౌన్లోనే ఉందా సార్, ఉగాది నుంచీ? లారీ బయల్దేరిందా? ఆ... ఎవరెవరు? రెండు జీపులా? కేసా? కేసెందుకు సార్, వాళ్ళేం చెయ్య... హలో? హలో?"

"మోటారొస్తందా సార్? నిజంగా వస్తందా?"

"వస్తంది. లారీ యర్రగొండపాలెం దాటిందంట."

"స్తోత్రం! స్తోత్రం ప్రభువా! మరి మొకమట్ల పెట్టినావేంది? ఇప్పుడు టీవీ లేదులే."

"పోలీసు జీపులు గూడా వస్తన్నాయమ్మా. తాళం చెవి ఎవరి కాడుంటే వాళ్ళ మీదే మొదటి కేసంట. కిడ్నాప్ కేసు."

"నా మీదనా?"

"నీ మీదనే."

"నా జెస్సీ... సార్, నా కూతురు పోలీసుకు సెలక్టయింది. వచ్చే వారం ఇంటికి ఎంక్వయిరీకి వస్తారు. ఇంట్లో కేసుందంటే ఆ బిడ్డకు ఉద్యోగమిస్తారా? ఎండలో పరిగెత్తి పరిగెత్తి కాళ్ళు పుండ్లు చేసుకుందే నా తల్లి!"

"అక్కా, ఏడవబాక. తప్పు నాదే. నేను లైవులో చెప్తా, పెట్రోలు లేదని."

"నీ నోరు ముయ్యి ఇమ్తియాజూ, నువ్వు చెప్పింది చాల్లే. లెయ్యి సార్, తాళం తీస్తా. పో. మోటారొద్దు, ఏమొద్దు."

"తియ్యొద్దమ్మా."

"ఏంది?"

"కొంగు ముడి విప్పొద్దు. నేను బయటికొచ్చినానని తెలిస్తే లారీ ఉన్నకాడ్నుంచే వెనక్కి పోతది. మావాళ్ళ సంగతి నాకు తెల్సు. మోటారు బోరులోకి దిగేదాకా నన్నిట్లనే ఉండనీ."

"నీకేం సార్, ఎన్నైనా చెప్తావు! పొయ్యేది నా బిడ్డ బతుకు."

"జీపులొస్తన్నట్టున్నాయక్కా. దుమ్ము లేస్తంది."

"లెయ్యి సార్, నీకు దండం పెడతా, లెయ్యి! ఈ ముడి రాదేంది, పాడు ముడి..."

"ప్రేమమ్మా, ఇట్ల చూడు. నీ మీద కేసు నిలవదు. ఎస్సై ముందర నేనొక్క మాట చెప్తే చాలు."

"ఏం చెప్తావు? తాళమేసింది నేను. చెవి నా కొంగులో ఉంది. ఊరంతా చూసింది, టీవీ గూడా చూసింది."

"గ్రిల్‌లోంచి చెయ్యి పడతదా లేదా? ఇదిగో, పట్టింది. తాళం అందిందా లేదా?"

"అందితే? చేత్తో పీకుతావా?"

"మోటారు షెడ్డు తాళం మా ఆఫీసుదమ్మా. దానికి రెండు చెవులు. ఒకటి గంగయ్యకిచ్చినాం. రెండోది పొద్దున్నుంచి నా జేబులోనే ఉంది."