వాగు కిందికి పోయిన చేను

ఎల్లారెడ్డి అవతల ఒక ఊరు. వరద వచ్చి పోయి నెల దాటింది. వాగు ఒడ్డున ముగ్గురున్నారు: కామారెడ్డి నుంచి కొలతకు వచ్చిన సర్వేయర్ అనిల, చేను పోగొట్టుకున్న పోచవ్వ, ఆమె భర్తకు అన్న అయిన సిద్దిరాములు.

"గిదే నా చేను బిడ్డా."

"ఏదవ్వా?"

"గిదే. నువ్వు నిలబడ్డదే."

"ఇది ఇసుక గదా."

"ఇసుక కింద ఉన్నది చేను. గా నీళ్లు పారుతున్న జాగ గూడ నాదే. రెండెకరాలు. వరి పొట్టకొచ్చి ఉండె..."

"మేడం, మీరు ఎండల నిలబడకుండ్రి. పంట పోయిందని ఒక్క మాట రాసుకోండ్రి, సాలు. మా పోచవ్వకు మాట్లాడరాదు, గందుకే నేను ఎంబడి వచ్చిన."

"నాకు మాట్లాడొస్తది బావా."

"వస్తది, వస్తది. జెర ఊకో."

"పంట రాసుకునేటోళ్లు వేరే బాపూ. నేను సర్వేయర్‌ను. వాగు ఎంత జరిగింది, భూమి ఎంత పోయింది, గది కొలిచేతందుకు వచ్చిన."

"కొలిచి ఏం జేస్తరు మేడం? వాగు మనల్ని అడిగి పోతదా? వచ్చింది, మల్లుకున్నది, పోయింది. ఈమెకు రోజు గదే చెప్తున్న. మర్సిపో పోచవ్వా, పానం మంచిగుంటే సాలు అని. ఇంటదా?"

"ఎట్ల మర్సిపోవాలె బావా? ఉన్నది గదొక్కటే."

"అవ్వా, ముందు వాగు ఎక్కడికెల్లి పారుతుండె?"

"గా తుమ్మలు కనవడుతున్నయ్ గదా, గాటి అవతలికెల్లి. ఇటు దిక్కు సూడకపోతుండె. గా మూల మీద ఒడ్డు ఉండె బిడ్డా, రెండు నిలువుల ఎత్తు. మూడేండ్ల సంది ట్రాక్టర్లు వెట్టి దాని కిందికెల్లి ఇసుక తోడిండ్రు. ఒడ్డు బోలైంది. నీళ్లు గక్కడ్నే కొట్టినయ్."

"ట్రాక్టర్లు కాదు మేడం. బతుకుదెరువుకు తోలుకునేటోళ్లు, గాళ్ల మీద పెట్టద్దు. మీద చెక్‌డ్యాం కట్టిండ్రు, అడ్డం. నీళ్లకు తొవ్వ దొరకక పక్కకు కొట్టినయ్. అంతే."

"అండ్ల నీ కొడుకు ట్రాక్టర్ గూడ ఉండె బావా."

"గిప్పుడు గా ముచ్చటెందుకు?"

"ఉండె అంటున్న."

"ఉండె, ఉండె. ఊర్ల ఉన్నయన్నీ ఉండె. మా వాని ట్రాక్టర్ ఒక్కటి లేకుంటే వాగు ఆగుతుండెనా?"

"కొట్లాడకుండ్రి. మీ ఇద్దరిదీ నిజమే కావచ్చు. నా కాడ నిజాం కాలం నక్ష ఉన్నది. ఇటు రా అవ్వా, సూడు. గీ గీత వాగు. అప్పుడు గిట్లనే పారుతుండె, మనం నిలబడ్డ కాడికెల్లే. నడుమ ఎప్పుడో అటు జరిగింది. గిప్పుడు మల్ల పాత జాగకు వచ్చింది."

"అంటే ఏంది బిడ్డా? ముప్పై ఏండ్లు నేను వాగును దున్నిన్నా?"

"గట్ల కాదవ్వా..."

"వాగుకు నక్షల జాగున్నదట. మరి నాకు?"

"నేను చెప్పేది గదే గదా పోచవ్వా! దాని జాగ అది తీస్కున్నది. అవతలి ఒడ్డు రైతు ఏసయ్యను అడుగుండ్రి మేడం, దేవుడు భూమి ఇచ్చిండంటడు. వాగు ఇడిసిపెట్టిన జాగల అప్పుడే మక్కలు పెడ్తనంటున్నడు. ఒకలకు పోయింది, ఒకలకు వచ్చింది. ఎవల్నని అంటం?"

"ఇసుక ఎత్తిపిస్తరా బిడ్డా? నీళ్ల కిందిది పోతే పోయింది. గీ ఇసుక కిందిదన్న ఎల్లితే సాలు. కాళ్లు మొక్కుత."

"వద్దవ్వా, గట్ల వంగకు. ఎత్తాలన్నా పర్మిషన్ కావాలె. కాయితం పెట్టాలె, మీదికి పోవాలె, రావాలె."

"నా చేన్ల పడ్డదానికి గూడనా?"

"అవ్."

"మరి ఒడ్డు కిందికెల్లి తోడుకపోయినప్పుడు ఎవలిచ్చిండ్రు పర్మిషను?"

"నాకు తెల్వదవ్వా. నేను కొలిచెటిదాన్నే. బాపూ, పాత హద్దురాళ్లు ఏమన్న మిగిలినయా?"

"ఒక్కటున్నది. గా దూరం యాప చెట్టు కాడ."

"ఈ టేపు కొస పట్టుకొని గాడ నిలబడుర్రి. నేను చెప్పిందాక వదలద్దు."

"నేనా? పోచవ్వ పోతది మేడం, నేను మీ కాడ..."

"అవ్వకు మోకాళ్ల నొప్పులని తొవ్వల వచ్చేటప్పుడు మీరే అంటిరి గదా."

"అవ్... సరె. మేడం, నంబర్లు గిట్ల ఏమన్న కావాలంటే నన్ను అడుగుండ్రి. ఆమెకేం తెల్వదు."

"సరె, పోండ్రి."

"మంచోడు బిడ్డా మా బావ. నోరు జెర పెద్దది గని, మా ఆయన పోయినంక అన్నీ ఆయనే సూసుకుంటున్నడు. నా బిడ్డ బిచ్కుందల ఉంటది, రమ్మంటది. అల్లుని ఇంట్ల ఎన్ని దినాలు తింట?"

"పాసుబుక్కు తెచ్చినవా అవ్వా?"

"మా బావ కాడ ఉంటది. నీ ఇల్లు కురుస్తది, ఎలుకలు కొడ్తయ్, నా బీరువల పెడ్త అన్నడు."

"నంబర్ యాదికున్నదా?"

"ఎందుకుండదు? రెండు వందల పన్నెండు."

"ట్యాబుల సూస్త ఆగు... రెండు వందల పన్నెండు, రెండెకరాలు. అవ్వా, ఇది సిద్దిరాములు పేరు మీద ఉన్నది."

"అవ్, ఆయన పేరే ఉంటది."

"చేను నీదంటివి?"

"నాదే బిడ్డా. పుస్తకంల ఆయనది, దున్నుకునేది నేను. అన్నదమ్ములు అదలబదల చేసుకున్నరు. పంపకాలల్ల వాగు పక్కది మా బావకు వచ్చింది, ఊరి పక్క మెట్ట చెల్క మాకు వచ్చింది. అప్పుడు ఆయన పిల్లలు చిన్నోళ్లు. తమ్మీ, వాగంటే నాకు భయమైతుంది, నువ్వు తీస్కో అన్నడు. మా ఆయన వెంకటి సరె అన్నడు. అన్నదమ్ముల నడుమ కాయితమేందని రాసుకోలే."

"మేడం! ఇంకా గుంజాల్నా?"

"గట్లనే ఉండుర్రి బాపూ! అవ్వా, మరి చెల్క ఎవరి పేరు మీద ఉన్నది?"

"మా ఆయన పేరు మీద ఉండె. ఆయన సచ్చిపోయినంక నా పేరు మీదికి వచ్చింది. పేరే గదా బిడ్డా, దున్నేది మా బావనే."

"అవ్వా, జెర ఇటు కూసో. మంచిగ ఇను. కాయితం లెక్కన వాగుల పోయిన భూమి నీది కాదు."

"నాది కాకుంటే ఎవలది?"

"మీ బావది. నీది చెల్క. అది మంచిగనే ఉన్నది గదా? దాంట్ల నీళ్లు రాలే గదా?"

"ఏం రాలే. మా బావ బోరేసిండు, సోయ వెట్టిండు. నడుమెత్తు ఉన్నది."

"ఆ చెల్క నీది. పోయి దున్నుకో. ఎవ్వలు అడ్డం రారు."

"గట్లెట్ల బిడ్డా? మా ఆయన మాట ఇచ్చిండు."

"నీ పేరు మీద ఉన్న భూమి అవ్వా. నీకు ఇంకో తొవ్వ లేదు."

"అంతా వద్దు. ఒక్కెకరం అడుగుత. ఒక్కెకరమైతే ఇస్తడు గదా? పెద్ద మనిషి, ఇస్తడు. వడ్లు గాకున్నా మక్కలు ఏసుకుంట. సోయ కోసినంకనే ఇయ్యి బావా అంట, పంట నడుమ అడిగితే బాగుండదు..."

"చెల్క నంబర్ చెప్పు, సూస్త."

"ఎనబై ఏడు. ఏందోగని బిడ్డా, పానం జెర తేలికైంది. నెల రోజుల సంది పరాయోళ్ల చేన్లల్ల కలుపు తీస్తున్న. తొవ్వ మీద ఎవలన్న సూస్తరని కొంగు మొకం మీదికి గుంజుకొని పోతున్న. మొన్నటిదాక నేనే నలుగురిని కూలికి పిలిచినదాన్ని. సిగ్గయితది, ఏం జెయ్యాలె... ఏమైంది? మల్ల మల్ల నొక్కుతున్నవేంది?"

"అవ్వా... ఎనబై ఏడు గూడ సిద్దిరాములు పేరు మీదనే ఉన్నది."

"గట్లెట్లుంటది?"

"పదకొండు రోజుల కింద మారింది. నువ్వే ఆయనకు అమ్మినట్టు ఉన్నది."

"నేనెందుకు అమ్ముత? నీ మిషినే తప్పు సూపిస్తుంది కావచ్చు. మంచిగ సూడు."

"రెండుసార్లు సూసిన అవ్వా."

"మేడం! ఏం మాట్లాడుతున్నరు? నేను వస్తున్న, టేపు సుట్టుకుందాం!"

"ఆడ్నే ఉండు! కదలకు! అవ్వా, ఇటు సూడు. పదకొండు రోజుల కింద ఎటన్న పోయినవా? ఏదన్న ఆఫీసుకు?"

"పోయిన గదా. వరద సాయానికి దరఖాస్తు పెట్టాలెనని మా బావనే బండి మీద తీస్కపోయిండు. ఎల్లారెడ్డిల చాయ్ తాపిచ్చిండు. ఆఫీసుల కుర్సీల కూసోవెట్టి ఫోటో తీసిండ్రు. సారు ఏందో అడిగితే, బావ అవ్ అనుమన్నడు, నేను అవ్ అన్న. ఏలిముద్రనే మూడుసార్లు పెట్టినా మిషిన్ల పడలే బిడ్డా, పని జేసి జేసి గీతలు అరిగిపోయినయ్. పాపం, మా బావనే తన తువ్వాలతోని నా ఏలు తుడిచి, చెయ్యి గట్టిగ వట్టుకొని పెట్టిచ్చిండు."