పెరట్లో పార్స్లీ

కొండ మీద ట్రూచాస్ ఊళ్లో, పొద్దున్నే పెరట్లో, కొత్తిమీరలా ఉండే పార్స్లీ ఆకు మడి పక్కన ఇద్దరు: తల్లి ఎలోయిసా, రాత్రి డ్యూటీ దిగి అటునుంచటే కారులో వచ్చిన కూతురు ఎర్లిండా.

"మళ్లీ అడుగుతున్నానమ్మా. నాన్నకి ఏం తాగిస్తున్నావ్?"

"టీ."

"ఏం టీ?"

"చామంతి టీ. ఒక్కోసారి పుదీనా. చిన్నప్పుడు కడుపునొప్పంటే నీకిచ్చిందే."

"మరి ఈ పార్స్లీ సగానికి సగం ఏమైంది?"

"కుందేళ్లు."

"అమ్మా!"

"తినవా ఏంటి?"

"కుందేళ్లు కత్తెరతో కోసుకు తింటాయా? చూడు, మొదలెంత నున్నగా తెగిందో! నిన్న ఫోన్‌లో చెప్పానా లేదా? నాన్న రక్తం మళ్లీ చిక్కబడుతోంది, పలచబరిచే మాత్ర పనిచెయ్యట్లేదు, ఇంట్లో ఆకులేమైనా మరిగించి ఇస్తున్నారా అని డాక్టరమ్మ అడిగిందని? పార్స్లీ ఆ మాత్రకి పడదని?"

"చెప్పావు."

"తలలో ఇంకోసారి గడ్డ కడితే, పోయినసారిలా కుడిచెయ్యి పడిపోవడంతో ఆగదమ్మా."

"తెలుసు... నేనే ఇచ్చాను. మరిగించి, నిమ్మకాయ పిండి."

"దేవుడా! నర్సుని నేను. ఊళ్లో అందరికీ చెప్పేదాన్ని, మా ఇంట్లోనే..."

"అరవకు. ఆయన పడుకున్నాడు."

"నిద్రలేక చచ్చిపోతున్నాను, అరవకేం చెయ్యను? ఆ పార ఇటివ్వు."

"దేనికి?"

"పీకేస్తాను."

"పీకెయ్."

"పుదీనా కూడా."

"పీకెయ్. వేళ్లు బాగా పాకాయి, చూసుకో."

"చామంతి?"

"పీకెయ్యమన్నాగా తల్లీ."

"ఇది... అమ్మమ్మ చేత్తో పెట్టిన మొక్క."

"అవును. పీకెయ్."

"ఏంటమ్మా ఇది? పుదీనాని మేక తొక్కిందని పక్కింటావిడతో ఈస్టర్ దాకా మాట్లాడనిదానివి. తోటంతా తవ్వేస్తానంటే ఒక్కమాట అడ్డం రావేం?"

"ఓపిక లేదే."

"ఇటు చూడు. నా మొహంలోకి చూడు. నిజంగా ఇచ్చావా?"

"ఇచ్చానన్నాగా."

"అమ్మా."

"కోసి కోళ్లకి వేశాను."

"కోళ్లకా? ఎందుకు?"

"నువ్వొచ్చి చూస్తావుగా. చూస్తే నమ్ముతావని."

"నాకేం అర్థం కావట్లేదు. నాన్న తాగలేదా?"

"చుక్క కూడా తాగలేదు. ఆ పార పక్కన పెట్టి ఇలా కూర్చో."

"మరి మాత్ర ఎందుకు పనిచెయ్యట్లేదు?"

"మానేశాడు తల్లీ, మంచు కరిగినప్పట్నుంచి. 'కూతురికి ఈ బతుకు మీద నా విసుగు సంగతి చెప్పకు ఎలోయిసా, నీ ఆకుల మీదికి నెట్టెయ్, నిన్నైతే తిట్టి ఊరుకుంటుంది, నన్నైతే బతిమాలుతుంది' అన్నాడు."