ఆలస్యంగా ముట్టిన కబురు

పెర్కిట్ గోదాములో పసుపుకు పురుగులను చంపే విషపు గ్యాస్ పెట్టిన రోజు. ఆర్మూర్ ఆఫీసులో, రెండుచోట్ల కంప్యూటర్లను కలిపిన ఇంజినీరు పక్కన గుమస్తా నిలబడ్డాడు.

"సార్, ‘తలుపులు తెరవొద్దు’ అని పంపిన. ముట్టిందా?"

"ముట్టింది. జవాబు వచ్చేదాంక మిషనే మళ్ల మళ్ల పంపుతది. ఒక్క కబురు గూడ తప్పిపోదు. గిప్పుడే ఇంకోటి గూడ ముట్టింది."

"ఇంకోటి నేను పంపలే!"

ఇంజినీరు తెర మీదికి వంగి చదివాడు. "‘గ్యాస్ పోయింది, తలుపులు తెరువుండ్రి’ అని ఉంది."

"అది పోయిన నెలది సార్. అప్పుడు లైన్ కలువకపోతే ఫోన్ల చెప్పినం."

"ఆ సంగతి మిషన్‌కు ఎవలు చెప్పిండ్రు? గిన్ని రోజులు పంపుతనే ఉంది, ఇయ్యాల లైన్ కలిసినంక ముట్టింది. పాతది ఆపుమని నేను పెట్టలే."

"ఫోన్ కొడుతున్న... ఎవలు ఎత్తుతలేరు."

తెర మీద గోదాము జవాబు మెరిసింది. ఇంజినీరు చదవలేక చదివాడు.

"‘ముట్టింది. తెరిచినం. మంగవ్వోళ్లు ఊడ్వనీకి లోపటికి పోయిండ్రు.’"